పెంచలమ్మ నోటు పుస్తకం

సూళ్లూరుపేట దగ్గర జపాన్ ఇంజనీర్లు బస చేసే ఒక గెస్ట్ హౌస్‌లో హరనాథ్ అనే వంటవాడు ఉండేవాడు; ఇంకొకరి దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడమంటే అతనికి చచ్చేంత నామోషీ.

హరనాథ్ వంటల కాలేజీలో చదివాడు. బిర్యానీ నుంచి కేకుల దాకా ఏదైనా చేసేవాడు. కానీ అక్కడికి వచ్చేవాళ్ళు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాళ్ళు. హోటలు భోజనం వాళ్ళకు మొహం మొత్తింది. "మా ఇళ్ళల్లో తినే మామూలు తిండి చాలు" అని మేనేజరు మునిరత్నాన్ని అడిగారు. ఆయన ఆ పని హరనాథ్‌కి అప్పగించాడు.

హరనాథ్ వీడియోలు చూశాడు. వాటిలో అన్నీ పెద్ద హోటళ్ళ వంటలే. ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించాడు. అందులో రాసిన సరుకుల్లో సగం చెన్నైలో కూడా దొరకలేదు. రెండు వారాల పాటు అతిథులు సగం తిని, సగం వదిలేసి, మర్యాదగా తలవంచి లేచిపోయారు.

ఆ వంటింట్లో గిన్నెలు తోమే పెంచలమ్మ ఇదంతా చూస్తూ ఉంది. ఆమె అంతకుముందు ఏడేళ్ళు మిచికో అనే జపాన్ ఆవిడ ఇంట్లో పని చేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. మిచికో చేసి చూపించేది. పెంచలమ్మ వాసనతో, రుచితో పట్టుకునేది. ఇంటికి వెళ్ళాక నోటు పుస్తకంలో రాసుకునేది. రాయడం చేతకాని చోట బొమ్మ వేసేది. జపాన్‌లో చారుకు వాడే ఎండు చేపలు ఇక్కడ దొరకవు. పులికాట్ ఎండు నెత్తళ్ళతో ఆ రుచి ఎలా తేవాలో ఆ ఇద్దరు ఆడవాళ్ళే ఏడాది పాటు తంటాలు పడి కనుక్కున్నారు.

పెంచలమ్మ ఆ నోటు పుస్తకం తెచ్చి హరనాథ్ చేతిలో పెట్టింది.

"చూసుకో నాయనా. అర్థం కాకపోతే అడుగు. పాపం, వాళ్ళు ఆకలితో లేచిపోతున్నారు" అంది.

"నువ్వు దేవతవి పెంచలమ్మక్కా" అన్నాడు హరనాథ్.

ఆమె పక్కన నిలబడి అన్నం వండే పద్ధతి నేర్పింది. గుడ్డట్టును పొరలు పొరలుగా చుట్టడం నేర్పింది. పది రోజులు తిరిగేసరికి కంచాలు ఖాళీగా వంటింట్లోకి రావడం మొదలైంది. మునిరత్నం స్వయంగా వచ్చి, "ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇవన్నీ?" అని అడిగాడు.

"పుస్తకాలు చదివానండి. సొంతంగా పరిశోధన చేశాను" అన్నాడు హరనాథ్.

రెండడుగుల దూరంలో పెంచలమ్మ మూకుడు తోముతోంది. ఆమె చెయ్యి ఆగింది. కుర్రవాడు, పేరు రావాలని ఆశపడ్డాడులే అనుకుని మళ్ళీ తోమసాగింది. కానీ నోటు పుస్తకం తిరిగి ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా అతను రేపు, ఎల్లుండి అంటూ దాటేశాడు.

ఆరు నెలల తర్వాత ఒక రోజు వంటింట్లోకి అట్టపెట్టెలు వచ్చాయి. వాటినిండా కొత్త పుస్తకాలు. అట్ట మీద హరనాథ్ ఫొటో, కింద అతని పేరు. పెంచలమ్మ ఒకటి తీసి తెరిచింది. అన్నం ముద్ద కట్టే చెయ్యి బొమ్మ కనిపించింది. ఆ చేతికి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు రోలు కింద పడి వంకరపోయిన తన వేలే అది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదంతా నాది కదా. నా పేరేదీ?" అని అడిగింది.

"గిన్నెలు తోమే మనిషి పేరు వేస్తే పుస్తకం ఎవరు కొంటారు పెంచలమ్మా? నువ్వు రాసింది గీతలు. దాన్ని పుస్తకం చేసింది నేను" అన్నాడు హరనాథ్.

అక్క అన్న పిలుపు ఎప్పుడు పోయిందో కూడా ఆమె గమనించలేదు.

పుస్తకం విడుదలకు ఆ ఇంజనీర్ల కంపెనీ పెద్ద యోషిదా, ఆయన భార్య వచ్చారు. హాలు నిండింది. ఆ పుస్తకంలోంచే ఒక చారు కాచి వడ్డించాడు హరనాథ్. అది అతను అంతకుముందు ఎప్పుడూ కాచినది కాదు. రుచి చూస్తే చేదుగా తగిలింది. జపాన్ వాళ్ళ రుచి ఇంతే కాబోలు అనుకున్నాడు.

యోషిదా భార్య ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టింది. దుబాసీ ఆమె మాటను తెలుగులో చెప్పాడు. "ఇది చేదుగా ఉందంటున్నారు. ఎందుకిలా చేశారని అడుగుతున్నారు."

హరనాథ్ పుస్తకం తిరగేశాడు. "ఇందులో ఇలాగే ఉందండి. ఎండు నెత్తళ్ళు వేసి మరిగించాలని..." అని నసిగాడు.

వెనక తలుపు దగ్గర నిలబడ్డ పెంచలమ్మ ఇక ఆగలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని హాలు మధ్యకు వచ్చింది.

"తలలు, పొట్టలు తీయకుండా మరిగిస్తే చేదెక్కుతుందమ్మా" అంది యోషిదా భార్యతో. తర్వాత హరనాథ్ వైపు తిరిగింది. "అది నేను చెడగొట్టిన రోజు రాసుకున్న పేజీ. మళ్ళీ ఆ తప్పు చేయకూడదని మూల మడిచి పెట్టుకున్నాను. నువ్వు మడత విప్పి మరీ అచ్చు వేయించావు. నా తప్పులు కూడా నీవేనని చెప్పుకున్నావు. అచ్చు వేస్తానని అడిగితే పుస్తకమంతా ఇచ్చేదాన్నే. ఇచ్చిన చేతినే లేదంటావా?"

దుబాసీ ఆ మాటలన్నీ వాళ్ళకు చెప్పాడు. మునిరత్నం పుస్తకంలోని బొమ్మ చూశాడు, పెంచలమ్మ చెయ్యి చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"నీకు నేర్పింది ఎవరు?" అని హరనాథ్‌ని అడిగాడు.

"పెంచలమ్మక్క" అని గొణిగాడు హరనాథ్.

"నాకు వినపడలేదు" అంది పెంచలమ్మ. "అబద్ధం అందరికీ వినపడేలా చెప్పావు. నిజం కూడా అలాగే చెప్పు."

హరనాథ్ తల వంచుకుని, చివరి బల్ల దాకా వినిపించేలా మళ్ళీ చెప్పాడు.

ఆ పుస్తకాలు ఒక్కటీ గడప దాటలేదు. మునిరత్నం హరనాథ్‌ని జపాన్ వంటల నుంచి తప్పించి, నోటు పుస్తకం తిరిగి ఇప్పించి, ఆ వంటిల్లు పెంచలమ్మకు అప్పగించాడు. కొన్నాళ్ళకు చుట్టుపక్కల వంటవాళ్ళు నేర్చుకోవడానికి ఆమె దగ్గరికి రాసాగారు. ఎవరికీ లేదనలేదు ఆమె. మొదటి రోజు మాత్రం వాళ్ళకు మిచికో పేరు చెప్పి, "నాకు నేర్పింది ఆవిడ" అన్న తర్వాతే పొయ్యి వెలిగించేది.

విద్య ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు. కానీ నేర్పినవారి పేరు దాచి తనదని చెప్పుకునేవాడు దొంగే, వాడికి ఆ విద్యా దక్కదు, పేరూ దక్కదు.