మూడుసార్లు గీకిన తోలు

అనగనగా వెయ్యి రెండు వందల పదిహేడో సంవత్సరం, ద్రాక్ష కోతల కాలం. పడమటి దేశాల్లో వాల్మోర్ అనే రాజ్యం. దాని రాజు రొడెరిన్ సిలువ యుద్ధానికని సముద్రం దాటి, ఒడ్డున డేరాలు వేశాడు. కత్తి ఒరలోంచి తీయనే లేదు. రక్త విరేచనాలు పట్టుకుని ఐదో రోజున పోయాడు. దండులో నూటికి నలభై మంది ఆయన వెంటే పోయారు.

కొడుకు ఆల్డ్రెక్ మిగిలినవాళ్లతో తిరిగొచ్చి రాజయ్యాడు. తండ్రి మొక్కు తీర్చడానికి వసంతంలో మళ్లీ ఆ ఒడ్డుకే వెళతానన్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజు ఓడ ఎక్కే ముందు, పాత రాజు చరిత్ర పుస్తకంలో చివరి బొమ్మ చూడాలి. ఆ పుస్తకం దూడ తోలు మీద రాసేవారు. బొమ్మలు వేసేది ఇడోన్యా అనే ముసలి సన్యాసిని. కళ్లారా చూసినవాణ్ణి అడక్కుండా ఆమె కుంచె ముట్టదు. రాజుగారి చాకలి పెరిన్‌ను పిలిపించింది.

"ఎలా పోయాడయ్యా?"

"అక్కడ ఉన్నది ఒక్కటే మడుగు తల్లీ. జబ్బువాళ్ల గుడ్డలు ఆ గట్టున ఉతికాను. ఈ గట్టున కడవలు ముంచారు. నాకప్పుడు తట్టలేదు."

ఇడోన్యా అదే వేసింది. మంచం మీద రాజు, మంచం కింద విరేచనాల ముంత, డేరా వెనక మడుగు. ఒక గట్టున చాకలి, ఇంకో గట్టున కడవ ముంచుతున్న మనిషి.

మంత్రి గొదార్ వచ్చి చూశాడు.

"రాజు ముంత పక్కన చచ్చాడంటే దండులో ఎవడు చేరతాడే ముసల్దానా? గీకేసి, గుండెలో ఈటె వెయ్యి."

"ఈటె దిగలేదుగా. వెయ్యను."

మంత్రి తన మనిషి చేత గీకించి ఈటె వేయించాడు. మర్నాడు ఇడోన్యా ఆ ఈటె గీకేసి మడుగు వేసింది. మంత్రి ఆమె కుడి బొటనవేలు తీయించాడు.

తర్వాత చర్చి పెద్దగురువు వచ్చాడు.

"దేవుడి పని మీద పోయినవాడికి ఈ ముంతేమిటమ్మా? దేవదూతలుండాలి గాని."

"వచ్చారేమో స్వామీ. చూసినవాళ్లు లేరు. ముంతను చూసినవాళ్లున్నారు."

ఆయన ఆ మడుగు మీదే బంగారు రేకు అంటించి దేవదూతల్ని వేయించాడు. ఇడోన్యా ఎడమచేత్తో అదీ గీకింది. ఎడమచేత్తోనే మళ్లీ మడుగు వేసింది. గీతలు వంకర పోయాయి. తోలు ఉల్లిపొరలా పలచబడింది.

మూడోవాడు ఆల్డ్రెక్ రాజే. ఓడలు సిద్ధమయ్యాయి. వెనకే మంత్రి వచ్చాడు.

"గీకించమంటారా ప్రభూ?"

"ఇంకోసారి గీకితే చిల్లి పడుతుంది నాయనా," అంది ఇడోన్యా. "పడేది మీ నాన్నగారి పొట్ట మీద."

రాజు బొమ్మలోకి వంగి చూశాడు. "ఈ మడుగు నాకు తెలుసు. అవతల గట్టున వాడేం చేస్తున్నాడు?"

"జబ్బు గుడ్డలు ఉతుకుతున్నాడు."

రాజు ఇవతల గట్టున ఉన్న మనిషి మీద వేలు పెట్టాడు.

"కడవ ముంచుతున్నది నేను," అన్నాడు. "నాన్న దప్పికన్నాడు. వేరే ఎవరినీ పోనివ్వకుండా నేనే వెళ్లి తెచ్చి తాగించాను."

"ఎవరో పెరిన్‌కు తెలియదు. అందుకే ముఖం వేయలేదు నాయనా."

"వెయ్యి," అన్నాడు రాజు.

ఆమె వేసింది. ఆ వసంతంలో ఓడలు కదిలాయి. ఒడ్డు చేరగానే రాజు తాగేందుకు ఎగువన బావి తవ్వించాడు. ఉతుకు దిగువన పెట్టించాడు. విరేచనాలతో ఒక్కడూ పోలేదు. మంత్రి పదవి పోయింది. ఇడోన్యా బొటనవేలు మాత్రం తిరిగి రాలేదు. రాజు ముఖమే ఆమె వేసిన చివరి బొమ్మ.

నిజాన్ని గీకితే తోలు పలచబడుతుంది గాని, మడుగు శుభ్రపడదు.