బొట్టు పెట్టిన గాలం

అనగనగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో వీరమణి అనే కోడలు, సీతాలమ్మ అనే అత్త ఉండేవాళ్ళమ్మా. వీరమణి మొగుడు చేపల వేటకని పడవెక్కి సముద్రం మీదికి పోయాడు. ఇంట్లో ఈ ఇద్దరే.

ఆ వానాకాలం అత్తకి జ్వరం తగిలింది. జ్వరమైతే తగ్గింది కానీ, నోటికి ఏదీ సయించడం లేదు. జావ కాచి ఇస్తే గిన్నె పక్కకి నెట్టింది. పెసరకట్టు పోస్తే మొహం తిప్పుకుంది. చారన్నం మెత్తగా పిసికి తెస్తే, కళ్ళు తెరవకుండానే, "కొర్రమీను పులుసైతే రెండు ముద్దలు తింటానేమోనే" అంది.

మనిషి మంచానికి అతుక్కుపోయింది. ముంజేతి కడియం మోచేతి దాకా జారుతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తినకపోతే ఈవిడ ఇక లేవదని వీరమణికి బెంగ పట్టుకుంది.

అప్పుడే కాలవకి ఎర్ర నీళ్ళొచ్చాయి. చెయ్యి ముంచితే వేళ్ళు కనిపించవు. ఎవరి వలలోనూ కొర్రమీను పడటం లేదు. వీరమణి ముల్లుకి వానపామును గుచ్చి గాలం వేసింది. గుచ్చిన వానపాము గుచ్చినట్టే తిరిగొచ్చింది.

గట్టు మీద సైకిల్ షాపు అబ్బులు అది చూసి నవ్వాడు.

"విస్తరేశావు గానీ దీపం పెట్టలేదు చెల్లెమ్మా! ఆ బురదలో దానికేం కనపడుద్ది?"

"దీపం నువ్వు పట్టుకు దిగన్నయ్యా, నీకు పుణ్యముంటుంది."

"కనపడకపోతేనేం, దాని ఒంటికి తెలుస్తుందిగా. పక్కన నీళ్ళు అదిరితే చాలు, ఎగబడుద్ది. గిర్రున తిరిగే రేకు కట్టి లాగు" అని, అబ్బులు సైకిల్ చక్రం పుల్ల ఒకటి ఇచ్చాడు.

వీరమణి ఆ పుల్లని తలపిన్నులా మధ్యకి వంచింది. కింది కొసకి గాలపు ముల్లు బిగించింది. ముల్లు మెడకి, చిరిగిన వలలోంచి తీసిన సీసం గుండు నొక్కింది. ముల్లు కనబడకుండా తన పాత జడకుచ్చు కట్టింది. పై కొసకి చిన్న రింగు వేసి, నూనెడబ్బా రేకు కత్తిరించి వేలాడదీసింది. మధ్య వంపులో వెదురుకర్ర తాడు ముడేసింది.

అత్త నిద్రపోతోంది కదాని ఆవిడకి చెప్పకుండానే వెళ్ళింది. గట్టు వెంట నడుస్తూ లాగింది. రేకు చదునుగా ఉందేమో, నీళ్ళని కోసుకుంటూ పోయిందే తప్ప తిరగలేదు. వట్టి చేతులతో ఇంటికొచ్చింది.

"బొట్టు పెట్టకుండా దించితే చేపెలా పడుద్దే?" అంది అత్త, మంచంలోంచే. ఆ ఇంట్లో కొత్త వలైనా, కొత్త తెడ్డైనా కాలవలో దించేముందు పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే.

ఆ తర్వాత వీరమణి ఒక చెమ్చా కాడ కోసేసింది. గుంటగా ఉన్న ముక్కకి చిల్లు పెట్టి, చదును రేకు తీసేసి దీన్ని తగిలించింది. నీళ్ళ తొట్టిలో లాగి చూసింది. రేకు గిర్రున తిరిగింది. కర్ర పట్టుకున్న చేతిలో తేనెటీగ దూరినట్టు జుమ్మంది.

ఈసారి గాలాన్ని అత్త ముందుకి తీసుకెళ్ళింది. సీతాలమ్మ రేకుకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. తడి పసుపు దారం రింగు చుట్టూ తిప్పి తిప్పి ముడేసింది. "ఇప్పుడు వెళ్ళు" అంది.

వీరమణి వెళ్ళింది. ఈ గట్టున లాగింది, ఆ గట్టున లాగింది, నీళ్ళలో అల్లుకున్న తూటికాడల పక్కన లాగింది. చేతికి జుమ్మనలేదు. పైకి తీసి చూస్తే ఏముంది? దారం నీళ్ళకి ఉబ్బింది. పసుపు ముద్దకట్టింది. రేకు రింగులో ఇరుక్కుపోయి, కదలకుండా కూర్చుంది.

"అత్తా, ఈ దారం తీసేస్తాను."

"తియ్యి. నన్నూ తీసి ఆ గుమ్మం అవతల పెట్టు." సీతాలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడేం చెయ్యాలి? తీస్తే అత్త మనసు విరుగుతుంది. తియ్యకపోతే చేప రాదు. చేప రాకపోతే అత్త తినదు.

వీరమణి పెద్ద బేసిను నిండా నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టింది. గాలం అత్త చేతికిచ్చింది. "నువ్వే లాగి చూడత్తా."

సీతాలమ్మ చాలాసేపు బెట్టుచేసి, చివరికి లాగింది. ఏమీ లేదు. మళ్ళీ లాగింది. ఏమీ లేదు. రేకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే, తన ముడిని తన గోళ్ళతోనే విప్పుకుంది. పైట కొంగుతో పసుపంతా తుడిచి మూడోసారి లాగింది.

జుమ్మంది!

"ఓసి దీని దుంపతెగ! ప్రాణమున్నట్టు కొట్టుకుంటోందే!" అంది సీతాలమ్మ. ఆ పసుపు దారాన్ని వెదురుకర్ర పిడికి కట్టి, బొట్టూ అక్కడే పెట్టింది. "పద, నేనూ వస్తాను. నా చేత ముడి విప్పించావు. ఇక పడకపోతే నీ పని చెప్తా."

వీరమణి అత్త చంక కింద చెయ్యేసి, ఆగుతూ ఆగుతూ గట్టు దాకా నడిపించి, ఒక తాటి దుంగ మీద కూర్చోబెట్టింది. తూటికాడల వార నుంచి గాలాన్ని నెమ్మదిగా లాగింది. చేతిలో జుమ్ము... జుమ్ము... జుమ్ము...

ఠక్కున ఆగింది.

కర్ర విల్లులా వంగింది. "వదలకే! వదలకే!" అని దుంగ మీంచి సీతాలమ్మ కేకలు. వీరమణి వెనక్కి నడుస్తూ నడుస్తూ లాగేసరికి, మోచేయంత కొర్రమీను గడ్డిలో పడి తోక కొట్టింది.

ఆ సాయంత్రం వీరమణి చింతపండు పులుసు పెట్టింది. ముళ్ళన్నీ ఏరి, అత్తకి మెత్తగా కలిపి ఇచ్చింది. రెండు ముద్దలన్న మనిషి కంచం ఖాళీ చేసింది. వేళ్ళు నాక్కుంటూ కోడలివైపు అనుమానంగా చూసింది.

"అది సరేగానీ... తలకాయ ఎవరికి దాచావే?"

వీరమణి నవ్వు ఆపుకుని, గిన్నె మొత్తం తెచ్చి అత్త ముందు పెట్టింది.

కథేమో కంచి దారి పట్టింది,
పులుసు గిన్నె ఖాళీ అయింది,
మనకేమో మన ఇల్లొచ్చింది,
నా బుజ్జితల్లికి నిద్దరొచ్చింది.