ఆరువేళ్ల అడుగు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలున్న కాలంలో, తామ్రగిరి అనే రాజ్యం. దాన్ని ఏలే రాజు వీరకేతుడు. ఆయన కుడికాలికి ఆరు వేళ్లు. ఆ ఆరోవేలు మహా అదృష్టమని చిన్నా పెద్దా అందరి నమ్మకం. అందుకే అక్కడో ఆచారం ఉండేది. కొత్తగా ఏ నేల వేసినా దాని మీద మొదటి అడుగు రాజుగారిదే పడాలి. అదీ చెప్పుల్లేకుండా, ముహూర్తం వేళకి.

ఆచారం సంగతి సరే. దాన్ని పట్టుకుని ఎంత అన్యాయం చేశారో వినండి. మీకూ ఒళ్లు మండుతుంది.

రాజుగారి రథశాలలో నేల మహా ఎగుడుదిగుడుగా ఉండేది. ఒక మూల మిట్ట, ఇంకో మూల గుంట. నిలబెట్టిన రథం తనంతట తానే దొర్లిపోయేది. ఇరుసులు విరిగేవి, గుర్రాలు బెదిరేవి. "ఈ నేల అద్దంలా కావాలి" అని రాజు ఆజ్ఞ వేశాడు.

ఆ పనికి పెంచలయ్య మేస్త్రిని పిలిచారు. అతనికి పోత నేల వేయడం తెలుసు. సున్నం, సన్న ఇసుక, ఇటుక పొడి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పాళ్లు తప్పకుండా కలిపి, దోసెల పిండిలా జారుగా చేసి పోసేవాడు. అది నీళ్లలా పారి, గుంటలన్నీ నింపుకుని, ఎవరూ సర్దకుండానే సమంగా సర్దుకునేది. ఆ పాళ్లు కలిపేది అతని భార్య ఓబులమ్మ. ఆమె చేతికి తూకం అక్కర్లేదు, నోటికి జంకు లేదు. పోశాక మాత్రం మూడు రోజులు దాని మీద పిల్లి కూడా నడవకూడదు.

పెంచలయ్య నేల పోశాడు. మంత్రి సుముఖుడు మర్నాడు పొద్దున్నే ముహూర్తం పెట్టించాడు.

"మూడు రోజులు ఆగాలండీ, ఇంకా పచ్చిగా ఉంది" అని పెంచలయ్య నసిగాడు.

"రాజుగారి పాదం నీ సున్నం కోసం ఆగాలా?" అన్నాడు మంత్రి.

రాజు వచ్చాడు. ఆరువేళ్ల పాదం పచ్చి నేలలో నాలుగు వేళ్ల లోతు దిగింది.

"ఏమిటిది, కాలు దిగుతోంది?"

"భూదేవి తమరి పాదాన్ని ముద్దాడుతోంది ప్రభూ!" అన్నాడు సుముఖుడు.

రాజు మురిసిపోయాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. వెనకాలే యాభై మంది పరివారం తపతపా తొక్కుకుంటూ నడిచారు. అందరూ కాళ్లు కడుక్కుని ఇళ్లకు పోయారు.

నాలుగోనాడు రథాలు తెచ్చి నిలబెడితే ఏముంది? అడుగడుక్కీ గుంట! పెద్ద రథం ఒరిగిపోయింది. రాజుగారి తెల్లగుర్రం కాలు విరిగింది. "మేస్త్రి చేతగానితనం" అని మంత్రి తేల్చేశాడు. పెంచలయ్యకు పది కొరడా దెబ్బలు పడ్డాయి. నేల తవ్వించి మళ్లీ పోయమన్నారు.

మళ్లీ పోశాడు. మళ్లీ మర్నాడే ముహూర్తం. మళ్లీ ఆరువేళ్ల పాదం, మళ్లీ యాభై జతల కాళ్లు, మళ్లీ గుంటలు. ఈసారి పెంచలయ్యను చెరలో వేశారు. "నీ పెళ్లాం మూడోసారి పోస్తుంది. అప్పుడూ వంకరొస్తే నీ కుడిచెయ్యి తీసేస్తాం" అని హెచ్చరించి, ఊళ్లో చాటింపు వేయించారు.

ఓబులమ్మ చెరసాలకు పరిగెత్తింది. ఊచల అవతల భర్త తల దించుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, నోట్లో ఏం పెట్టుకున్నావు? తొక్కింది రాజుగారని చెప్పవేం?"

"ఎలా చెప్పనే? రాజుగారి కాలు కదా..."

"దిగిన కాలు ఆయనదైతే, తెగే చెయ్యి నీదా? ఆ చెయ్యి పోతే మనం తినేది మట్టా?"

అని ముఖం తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదది, కోపం.

ఆమె నేరుగా రథశాల కావలివాడి దగ్గరకు వెళ్లింది. "నువ్వు చూశావు కదా, సాక్ష్యం చెప్పు" అంది. వాడు, "రాజుగారొస్తే నేను తల పైకెత్తి నిలబడతానమ్మా, కింద ఏం జరిగిందో నాకేం తెలుసు" అన్నాడు. పురోహితుడి దగ్గరకు వెళ్లింది. "ముహూర్తం చూడటం వరకే నా పని. తడీ పొడీ నాకెందుకు తల్లీ" అన్నాడాయన. ఆఖరికి మంత్రి దగ్గరకే వెళ్లి, నేల పోశాక మూడు రోజులు గడువివ్వమని అడిగింది.

"ఎల్లుండి దాటితే మూఢం వస్తుంది. రేపు నేల పోసెయ్, ఎల్లుండి రాజుగారు అడుగు పెడతారు. నోరు తగ్గించుకో" అన్నాడు సుముఖుడు.

కావలివాడూ, పురోహితుడూ అబద్ధం ఆడలేదు చూశారా! ఒక్కరూ నిజమూ చెప్పలేదు. ఓబులమ్మ మాత్రం పని మీద కోపం చూపించలేదు. పాత పెచ్చులు ఊడగొట్టింది. దుమ్ము మూడుసార్లు ఊడ్చింది. ఇరుసుల నుంచి కారిన ఆముదం మరకల్ని బూడిదతో రుద్ది రుద్ది కడిగింది. పోత బయటికి పారకుండా గుమ్మానికి అడ్డంగా చెక్క బిగించింది. ఆ మూల నుంచి ఈ మూలకు ఆగకుండా పోసింది. నేల పారి, నిండి, సమంగా నిలిచింది.

పోసి బయటికొచ్చి, గోడ వెనక పారబోసిన పాత పెచ్చుల కుప్ప మీద చతికిలబడింది. చేతికి చేటంత పలక ఒకటి తగిలింది. తిప్పి చూసింది. దాన్ని గోనెలో చుట్టి జాగ్రత్తగా పక్కన పెట్టుకుంది.

తెల్లవారింది. బాజాలు మోగాయి. రాజు వచ్చాడు, పరివారం వచ్చింది. గుమ్మానికి అడ్డంగా ఓబులమ్మ నిలబడి ఉంది.

"ఏమే, తప్పుకో!" అని మంత్రి అరిచాడు.

"తప్పుకోను. ప్రభూ, తమరు తొక్కడానికి నేల కావాలి, అంతే కదా? ముందు దీని మీద తొక్కండి" అని గోనె విప్పి, పలకను ఆయన కాళ్ల ముందు పెట్టింది.

రాజు వింతగా చూసి కుడికాలు పెట్టాడు. మడమ సరిపోయింది. అయిదు వేళ్లు సరిపోయాయి. ఆరోవేలూ సరిపోయింది. పరివారమంతా నేల చూపులు చూశారు.

"ఇది మా ఆయన పోసిన నేల, ఇందులో గుంట తమరిది. దీనికి మా ఆయన చెయ్యి నరుకుతారట!"

రాజు ముఖం ఎర్రబడింది. "సుముఖా! నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన్ని తర్వాత అడుగుదురు గానీ" అంది ఓబులమ్మ. "దిగబడింది తమరి కాలు. సున్నం కడుక్కున్నదీ తమరి కాలే. తమరికి తెలియలేదా ప్రభూ?"

భటుల చేతులు కత్తుల మీదికి వెళ్లాయి. రాజు వాళ్లను ఆగమన్నాడు. వంగి, పలకలో ఇమిడిన తన ఆరోవేలిని తడిమి చూసుకున్నాడు.

"తెలిసింది" అన్నాడు. "రెండోసారి దిగినప్పుడే తెలిసింది. ఒప్పుకోవడం నామోషీ అనిపించింది."

"తమరి నామోషీకి మా ఇంట్లో కూడు పెట్టే చెయ్యి పోవాలా?"

రాజు పలక మీది నుంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. పెంచలయ్యను అప్పటికప్పుడు విడిపించాడు. ముహూర్తం దాటిపోయింది. మూఢం వచ్చింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. నేల ఆరేదాకా పిల్లులు రాకుండా గుమ్మం దగ్గర కాపలా కాసింది ఎవరనుకున్నారు? మంత్రి సుముఖుడే! ఎండలో, గొడుగు లేకుండా.

నాలుగోనాడు నేల నడుమ నిమ్మకాయ పెట్టారు. అది ఎటూ దొర్లలేదు. "ఇకమీదట మొదటి అడుగు నేల వేసినవాళ్లదే. నడువు పెంచలయ్యా" అన్నాడు రాజు. పెంచలయ్య జంకాడు. "నడవవయ్యా, నువ్వు నేర్పిన పనే కదా!" అని ఓబులమ్మ గదిమింది. అతను నడిచాడు. వీపు మీద కొరడా వాతలు ఇంకా మానలేదు. నేల మీద మాత్రం ఒక్క గుర్తూ పడలేదు.

"ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు రాజు.

ఓబులమ్మ కోపం ఇంకా చల్లారలేదు. "ఆ పలకను తమరి కొలువు గడప ముందు పాతించండి. తీర్పు చెప్పడానికి వెళ్లే ప్రతిసారీ అందులో కాలు పెట్టి మరీ వెళ్లండి" అంది. రాజు అలాగే చేశాడు, బతికినన్నాళ్లూ.

కనుక పిల్లలూ, తప్పు చేసిన కాలిని చూసి కూడా నోరు మూసుకుంటే, ఏ పాపం ఎరగని చెయ్యి తెగిపడుతుంది.