బుడిగి మెడలో పాత పలుపు

ఒకే పాకలో రెండావులు. ఒకటేమో నిలువెత్తు ఒంగోలు ఆవు రాజ్యం, ఇంకోటి పొట్టి పుంగనూరు ఆవు గవ్వ. రెండూ ఒకే వారంలో ఈనాయి. రెండు దూడలకీ అదే తవుడు, అదే పచ్చగడ్డి. అయినా చూడండి విచిత్రం, రాజ్యం దూడ తల్లి భుజాలందుకుంటుంటే, గవ్వ దూడ బుడిగి ఆ దూడ పొట్ట కింద నుంచి దూరిపోతోంది!

గవ్వకి మేత సయించట్లేదు. నా పాలలోనే ఏదో లోపముందని ఒకటే దిగులు.

ఆ దిగులు గుట్టమీది నక్క కనిపెట్టేసింది. కంచె సందులోంచి లోపలికొచ్చి, "అక్కా, ఇది నీ బిడ్డా? మేకపిల్లేమో అనుకున్నా! తిండి పెట్టట్లేదా ఏంటి?" అంది.

"కడుపునిండా పెడుతున్నా తమ్ముడూ! ఎంత తిన్నా ఇంతే."

"గుట్ట వెనకాల ఒక రకం గడ్డి ఉంది. నెల్లాళ్లు మేస్తే ఏనుగంత అవుతుంది! మెడకో తాడేసి నాతో పంపు. నువ్వు మాత్రం రాకూడదు సుమా, తల్లి దిష్టి తగిలితే ఆ గడ్డి పనిచెయ్యదు."

పాపం, గవ్వ నమ్మేసింది! గుంజకి వేలాడుతున్న పాత పలుపొకటి నోటితో లాగి బుడిగి మెడలో వేసింది. కొలిచి పేనినట్టు సరిపోయింది.

నెమరేస్తున్న రాజ్యం ఠక్కున ఆగింది. "ఒసే గవ్వా, అది నీ పలుపే! ఈ ఈడులో నీ మెడకున్నది అదే. మీ అమ్మ కూడా నా మోకాళ్ల దగ్గరే తిరిగేది కదే!"

గవ్వ గుండె ఎగిరి గంతేసింది. "అంటే నా బిడ్డ చిక్కిపోలేదన్నమాట! నాలాగే, మా అమ్మలాగే పెరుగుతోందన్నమాట!"

చటుక్కున నక్క వైపు తిరిగింది. "తమ్ముడూ, నీ పిల్లలు ఎంతున్నాయి?"

"ఎంతుంటాయక్కా? నాలాగే ఉంటాయి."

"ఆ గడ్డి పక్కనే కాపురముండి కూడా ఏనుగంత కాలేదేం?"

"మేం గడ్డి తింటామా ఏంటి!"

"మరేం తింటారు?"

నక్క చూపు ఊరుకోలేదు. సూటిగా బుడిగి తొడమీద వాలింది. నాలుక బయటికొచ్చింది.

అంతే! గవ్వ గిర్రున తిరిగి ఒక్క తాపు తన్నింది. అదే రాజ్యం తన్నుంటే నక్క నెత్తిమీదుగా పోయేది. గవ్వ పొట్టిది కదా, డెక్క తిన్నగా మూతికే తగిలింది! నక్క కుయ్యోమంటూ, రాలిన పళ్లు కూడా ఏరుకోకుండా గుట్టెక్కేసింది.

"అమ్మా, నేనూ అలా తన్నగలనా?" అంది బుడిగి.

"నా కాళ్లే కదే నీకొచ్చాయి!" అంది గవ్వ, మేత గాడిలో మూతి పెడుతూ.

బిడ్డకి కడుపునిండా పెట్టండి, కానీ ఎంత పెరుగుతోందో పక్కింటి బిడ్డతో కాదు, కన్నవాళ్ల చిన్నతనంతో పోల్చి చూసుకోండి.