కొండ మట్టికి హద్దురాళ్లు

కొండల మీద ఉన్నంతసేపూ ఆ ఏటికి కుదురుండదు. రాళ్ల మధ్య గెంతుతుంది, దూకుతుంది, ఒకటే అరుపులు. కింద మైదానంలోకి వచ్చాక మాత్రం కాళ్లు చాపుకుని తీరిగ్గా సాగుతుంది. అటూ ఇటూ కనుచూపు మేరా చదును నేల, మోకాలి లోతు పచ్చిక. నీలాలు అనే గేదె, దాని దూడ బొట్టూ అక్కడే మేస్తూ హాయిగా ఉండేవి.

తొలకరి ముందు ఒకరోజు పక్క కొండ మీది నక్క డాబయ్య దిగొచ్చాడు.

"నీలాలత్తా, ఈ నేలెవరిది?"

"ఎవరిదేంటల్లుడూ? మేసేవాళ్లది."

"అక్కడే తప్పులో కాలేశావు. ఇది మా కొండ మట్టి! ఏటేటా ఏరు గీక్కొచ్చి ఇక్కడ పరిచింది. కావాలంటే వాసన చూడు."

నీలాలు వాసన చూసి గట్టిగా తుమ్మింది. "కొండ మట్టేరా, కాదన్నదెవరు?"

"అయితే ఇక్కడి పీతలు నావి, ఏటి ఇసుకలో కాసే పుచ్చకాయలు నావి. రేపటికల్లా నువ్వూ నీ దూడా ఖాళీ చేసి కొండెక్కండి."

నీలాలు తలెత్తి కొండకేసి చూసింది. కొండ మీద రాళ్లూ ముళ్లే. మేత లేకపోతే పాలెక్కడివి? పాలు లేకపోతే బొట్టు బతికేదెలా? దిక్కుతోచక ఏటి వైపు చూసింది. నీళ్లు ఎర్రబడుతున్నాయి, నురగ తేలుతోంది. పైన ఎక్కడో కుండపోత మొదలైందన్నమాట. నీలాలు తోక ఒక్కసారి ఝాడించింది.

"సరే అల్లుడూ, నీదే న్యాయం. మరి హద్దులో? రేపు మిగతా నక్కలొచ్చి మాదంటే? ఏటి అంచు నుంచి రాళ్లు పాతుకో. అన్నట్టు, ఏరు ఎర్రబడింది, చూశావా?"

"నన్ను చూసి సిగ్గుపడిందత్తా!"

డాబయ్య రాళ్లు దొర్లించాడు. నాలుగో రాయి దగ్గర పీతలు బొరియలు వదిలి గట్టుకేసి పరుగెత్తాయి. "యజమాని వచ్చాడని దారిస్తున్నాయి!" అని మురిసిపోయాడు. ఆరో రాయి దగ్గర నీలాలు దూడతో గట్టెక్కింది. "ఖాళీ చేసేశారు!" అని చిందులేశాడు. ఏడో రాయి దగ్గర కాళ్లు తడిశాయి. వెనక్కి చూస్తే ఆరు రాళ్లూ లేవు. కాసేపటికి మైదానమంతా ఏరే. నీళ్లపైన రెండు నక్క చెవులు.

"అత్తా! నీ నేల నువ్వే తీసుకో!"

"నాదీ కాదురా, ఏటిది! ఏడాదికోసారి వచ్చి చూసుకుని పోతుంది!"

అన్నదే గానీ నీలాలుకి మనసొప్పలేదు. ఈదుకెళ్లి తోక అందించి లాక్కొచ్చింది. గట్టెక్కిన డాబయ్యకి కళ్లు తప్ప ఒళ్లంతా బురదే.

బొట్టు పకపకా నవ్వింది. "అమ్మా, బావ ఒంటినిండా కొండ మట్టే!"

"వాళ్లదేగా, తీసుకెళ్లనీ."

డాబయ్య తన వాటా మట్టి ఒంటి మీద మోసుకుంటూ, తుమ్ముతూ కొండెక్కాడు. వారానికి వరద తీసింది. కొత్త ఒండ్రు మీద మొలిచిన పచ్చికలో బొట్టు ఎగిరెగిరి గెంతింది.

నీతి: పంటలో వాటా కావాలంటే వరదలోనూ వాటా పంచుకోవాలి.