గోడ మీద ఏడు గీతలు

అనగనగా పాలవలస అని ఒక ఊరుందమ్మా. ఆ ఊళ్ళో నూకాలు అని తొమ్మిదేళ్ళ పిల్ల, వాళ్ళ నాన్న ఉండేవాళ్ళు. తల్లి లేని పిల్ల కదా, ఇంట్లో ఉన్న ఒక్క గేదెనీ పట్టుకునే తిరిగేది. దాని పేరు గౌరి.

ఊళ్ళో పశువులకి వైద్యం చేసేది ఇద్దరు. సన్యాసి అని ఒకడు, ఎర్నమ్మ అని ఇంకొకావిడ. ఎవరి చేతిలో గేదె చచ్చిపోతే వాళ్ళ పేరున చావిడి గోడ మీద బొగ్గుతో గీత గీసేవారు. అదొక పిచ్చి అలవాటు ఆ ఊరికి. సన్యాసికి ఒక్క గీత, ఎర్నమ్మకి ఏడు. ఇంకేం, ఆవిడ చెయ్యి మంచిది కాదని ఊరంతా ఒకటే మాట.

ఒకరోజు పొద్దున్నే గౌరికి నొప్పులొచ్చాయి. ఎంతసేపటికీ ఈనదే! అప్పుడు సన్యాసి వచ్చాడు, చూశాడు, "దూడ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"ఎర్నమ్మని పిలుద్దాం నాన్నా" అంది నూకాలు.

"ఏడు గీతలే తల్లీ! చేజేతులా చంపుకుంటామా?"

నూకాలు ఆలోచించింది. సన్యాసి వెళ్ళిపోయాడు కదా, ఇప్పుడు గౌరి చచ్చిపోయినా అతనికి గీత పడదు. ఆ మాట తట్టగానే పిల్ల ఒకటే పరుగు, ఇదివరకు ఎర్నమ్మని పిలిచిన ఇళ్ళకి.

మొదటి ఇంట్లో అడిగింది. "సన్యాసి వదిలేశాక మూడోరోజు పిలిచామే. అప్పటికే కొనప్రాణంతో ఉంది" అన్నారు. ఆ తర్వాత రెండో ఇంట్లోనూ అదే మాట. ఆ తర్వాత మూడో ఇంటికి పోతే, వాళ్ళ గేదె హాయిగా గడ్డి మేస్తోంది.

"ఎర్నమ్మే బతికించింది" అందా ఇంటావిడ.

"మరి గోడ మీద గీయలేదేం?"

"బతికినదానికి గీతేమిటే పిచ్చిపిల్లా!"

నూకాలు రొప్పుతూ ఇంటికొచ్చింది. "చచ్చినవే లెక్కపెట్టారు నాన్నా! బతికినవి ఎన్నో ఎవరికీ తెలీదు. అందరూ వదిలేసినవే ఆవిడ దగ్గరికి పోతాయి!"

నాన్న గౌరిని చూశాడు. అది కళ్ళు తేలేస్తోంది. "నాకు భయంగా ఉందే" అన్నాడు.

"నాకూ భయమే నాన్నా."

"సరే, పిలుచుకురా."

నూకాలు వెళ్ళేసరికి ఎర్నమ్మ అరుగు మీద కూర్చునుంది. లేవకుండానే "ఎన్నోరోజు?" అంది.

"ఈ పొద్దున్నే మొదలైందవ్వా."

"ఇవాళేనా?" అంటూ ఆముదం సీసా పట్టుకుని, పిల్లకన్నా ముందు పరిగెత్తింది.

అప్పుడు చేతికి ఆముదం రాసుకుని దూడని మెల్లగా తిప్పడం మొదలెట్టింది. గౌరి అరుస్తోంది, నూకాలు దాని మెడ నిమురుతోంది. పొద్దు వాలే వేళకి దూడ జారి పడింది. ఊపిరి లేదు! ఎర్నమ్మ గడ్డితో రుద్దింది, రుద్దింది, రుద్దింది. దూడ ఒక్క తుమ్ము తుమ్మింది. గౌరి తల తిప్పి దాన్ని నాకింది.

నాన్న దణ్ణం పెట్టేశాడు. ఎర్నమ్మేమో గడ్డిలో కూలబడి ఏడుస్తోంది.

"రెండూ బతికాయిగా అవ్వా, ఎందుకేడుస్తావు?"

"ఇన్నేళ్ళలో నన్ను మొదటిరోజే పిలిచింది నువ్వొక్కదానివేనే తల్లీ."

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
ఇక పదవే మంచానికి.