బయటికి వెళ్లని కంప్యూటరు

నిష్కళానంద స్వామివారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు. కొన్ని ప్రశ్నలకు ఆరు నెలల తరువాత జవాబు దొరికేది. కొన్నింటికి అసలు దొరికేది కాదు.

పాపాఘ్ని ఒడ్డున ఆయన ఆశ్రమం, దానిని ఆనుకొని ఇరవై పడకల ధర్మాసుపత్రి. శిష్యులలో ఎంతటివారైనా సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అరగంట కూర్చొని, ఆ రోజు మనసులోకి ఏమేమి దూరాయో చూసుకోవాలని అక్కడి నియమం. పినాకపాణికి ఆ నియమం నచ్చలేదు. అతడు పూర్వం హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగి. ఆరేళ్ల కిందట అన్నీ వదిలేసి వచ్చాడు. ఫోను ముట్టడు, పేపరు చూడడు, బంధువుల ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపుతాడు. ఆసుపత్రి రక్తనిధిలో రక్తదాతల వివరాలున్న కంప్యూటరును కనిపెట్టుకొని ఉండటం అతని సేవ.

ఒకనాడు స్వామివారు గోంగూర వలుస్తుండగా ఎదురుగా కూర్చొని అడిగాడు.

"స్వామీ, లోకంలో తిరిగేవాడు రోజూ మనసు కడుక్కోవాలంటే అర్థముంది. లోకం ముఖమే చూడని నాకు దేనికి? మన రక్తనిధి కంప్యూటరునే చూడండి. కొన్ననాటి నుంచి దానికి ఇంటర్నెట్ తగిలించలేదు. యంత్రంలో బయటపడే లొసుగులను పూడ్చడానికి కంపెనీవాళ్లు అప్‌డేట్లు పంపుతుంటారు. అవి డిస్కులో తెచ్చి వేస్తానని ఒకాయన వస్తే నేనే వద్దన్నాను. బయటికే పోని యంత్రానికి బయటి మందులెందుకు? ఈనాటి వరకు ఒక్కరోజు మొరాయించలేదు."

స్వామివారు "ఊఁ" అన్నారు. మరో గోంగూర కట్ట అందుకున్నారు.

నాలుగో రోజు ఉదయం పది గంటలకు నర్సు కరుణమ్మ రక్తనిధి గదిలోకి పరుగున వచ్చింది. ఆమె ఏప్రాన్ మీద తడి ఇంకా ఆరలేదు.

"పాణిగారూ, రెడ్డెమ్మకు కాన్పయింది. బిడ్డ బాగుంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఓ గ్రూపు అనుకున్నాం. మన దగ్గరున్న ఓ రక్తం ఒక్కటీ కలవలేదు. బాంబే గ్రూపని డాక్టరమ్మ తేల్చింది."

అది పదివేల మందిలో ఒకరికి కూడా ఉంటుందో ఉండదో అన్నంత అరుదైన రక్తం. అదే గ్రూపువారిది తప్ప మరొకరి రక్తం ఎక్కిస్తే మనిషి దక్కదు.

"మన జాబితాలో ఆ గ్రూపువాళ్లు ముగ్గురున్నారని మీరే ఒకసారి చెప్పారు. నంబర్లివ్వండి చాలు."

పినాకపాణి జాబితా తెరిచాడు. పేర్లుండవలసిన చోట తలాతోకా లేని గుర్తులు కనిపించాయి. మూసి మళ్లీ తెరిచాడు. అవే. పక్క ఫైలు తెరిచాడు, అదీ అంతే. ఇంతలో తెర మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి లేచింది. మీ ఫైళ్లన్నిటికీ తాళం పడింది అని అందులో ఉంది.

"ఒక్క నిమిషం సిస్టర్," అన్నాడు. యంత్రం ఆపి మళ్లీ పెట్టాడు. అది నింపాదిగా మేలుకుంటుంటే కరుణమ్మ తలుపు పట్టుకొని నిలబడి కాన్పు గది వైపు చూస్తోంది. తెర వెలిగింది. ఎర్ర పెట్టె అక్కడే ఉంది. సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. జాబితా నకలు అందులో ఉంది. దాన్ని గుచ్చి చూస్తే నకలు కూడా అదే గతి పట్టింది.

అప్పుడతనికి సోమవారం గుర్తుకు వచ్చింది. దాతలకిచ్చే కార్డులు అచ్చు వేయించడానికి ఆ పెన్‌డ్రైవునే టౌనులో ప్రెస్సుకు తీసుకుపోయాడు. నెలనెలా పోయేదే. తిరిగి వచ్చి తన చేత్తోనే దీనికి గుచ్చాడు. అక్కడి యంత్రంలో ఉన్న వైరస్ తెగులు దాంతో పాటు వచ్చింది. అది దూరిన లొసుగు ఏనాడో బయటపడిందేననీ, దాన్ని పూడ్చే అప్‌డేటు అతడు వద్దన్న డిస్కులో ఉండేదనీ తరువాత యంత్రం బాగుచేయ వచ్చినవాడు చెప్పాడు.

"పోనీ, పేర్లయినా గుర్తున్నాయా?" అంది కరుణమ్మ.

అతడు కళ్లు మూసుకున్నాడు. ఆ మూడు పేర్లూ తాను ఎక్కించినవే. ఒక్క అక్షరం తట్టలేదు.

"టైపు చేశాను సిస్టర్. చదవలేదు."

కరుణమ్మ అతన్ని ఒక్క క్షణం చూసింది. "గాలివీడు నుంచి ఒకాయన వచ్చాడు పోయినేడు. ఇళ్లలో బండలు పరిచే పని. సూదికి భయపడి, గుచ్చినంతసేపూ తన పందెం పొట్టేలు ముచ్చట్లే చెప్పాడు. పేరు నాకూ రావడం లేదు. నేను లోపలికి పోవాలి. మీరే కనుక్కోండి." తన ఫోను అతని చేతిలో పెట్టి పరుగెత్తింది.

ఆరేళ్లుగా రోగుల వార్డు గడప తొక్కని మనిషి ఆ ఉదయం మంచం మంచానికీ తిరిగాడు. "గాలివీడు వాళ్లెవరైనా ఉన్నారా? గాలివీడు!" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. చివరి మంచం మీద, కంటికి కట్టుతో ఉన్న ముసలామె లేచి కూర్చుంది.

"నేనుండాను నాయనా. ఎవురు కావాల?"

"బండలు పరిచే ఆయన అవ్వా. పందెం పొట్టేలు ఉంది."

"ఓబులేసు గదా! మా వీధే. మా మనవరాలి నంబరు చెప్తా, కొట్టు."

మనవరాలు ఫోను పట్టుకొని వీధి దాటి పోవడం వినిపించింది. గేటు చప్పుడు, కుక్క మొరుగుడు, ఆ పైన ఒక మగ గొంతు. పినాకపాణి మాటలు తడబడ్డాయి. ఓబులేసు సగం విని ఆపాడు.

"ఎవురికి, ఏంది అనేది వచ్చినాక చెప్పుదురుగాని. బండి తీస్తాండా."

నలభై కిలోమీటర్ల దారి. పెద్దాసుపత్రికి తరలిద్దామంటే దారిలో ప్రాణం నిలవదు. కాన్పు గదిలో డాక్టర్ మెహరున్నీసా తన పిడికిలితో నెత్తురును అదిమి పట్టి నిలబడింది. పావుగంటకొకసారి తలుపు వెనక నుంచి ఆమె గొంతు వచ్చేది. "ఎంతదాకా వచ్చాడు?" మొదట ఆ గొంతులో ఆజ్ఞ ఉండేది. మూడోసారికి అలసట మాత్రమే మిగిలింది. బయట బల్ల మీద రెడ్డెమ్మ అత్త పసిగుడ్డును ఒళ్లో పెట్టుకొని, దేన్నీ చూడకుండా ఊగుతోంది. ఆమె ఎదుట నిలబడలేక పినాకపాణి గేటు దగ్గరికి పోయాడు. అక్కడా నిలబడలేక రోడ్డు మీదికి పోయాడు.

పదకొండున్నర దాటాక మోటారు సైకిలు వచ్చింది. ఓబులేసు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. పరీక్షలు ముగించి అతని రక్తం ఎక్కించడం మొదలుపెట్టేసరికి పన్నెండున్నర. డాక్టరు అప్పుడు కత్తి పట్టింది. రెడ్డెమ్మ బతికింది. ఆమె గర్భసంచి మాత్రం తీసేయక తప్పలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల.

"ఒక గంట ముందు దొరికి ఉంటే..." అంటూ బయటికి వచ్చిన డాక్టరు, ఎదురుగా ఉన్న పినాకపాణిని చూసి చేతి తొడుగులు విప్పుకుంటూ పక్కకు తిరిగింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అతడు స్వామివారి ఎదుట కూర్చున్నాడు. జరిగినదంతా చెప్పాడు.

"ఆ పెన్‌డ్రైవ్ ఎవరిది?" అన్నారు స్వామివారు.

"నాదే స్వామీ." నడుముకున్న తాళంచెవి చూపించాడు. "ఆ గది తాళం నా నడుముకే ఉంటుంది. ఇన్నేళ్లలో ఎవ్వరినీ ఆ కంప్యూటరును ముట్టనివ్వలేదు."

స్వామివారు కాసేపు అతని ముఖం చూశారు.

"తాళం వేసినవాడు లోపలే ఉన్నాడుగా, నాయనా."